పది అడుగుల పెంపుడు కొండచిలువ తలుపు తీయగానే మీదకొస్తుంటే ఏం చేయాలి

మీరు రాసినదాంట్లో నాలుగైదు విషయాలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీస్తాను. మీ దగ్గర మూడేళ్ల ఆడ బర్మీస్ పైథాన్ (కొండచిలువల్లో ఒక రకం) ఉంది, పొడవు పది అడుగులు దాటింది. వారం వారం కుందేలు పెడుతున్నారు. చిన్నప్పుడు చేతిలో ఎంతసేపైనా ఉండేది, ఇప్పుడు పెట్టె తలుపు తీయగానే విసురుగా మీదకొస్తోంది. కొన్ని రోజులుగా ఊపిరి తీసేటప్పుడు ఏదో చప్పుడు కూడా వస్తోంది. ఇంట్లో మిగతావాళ్లకు భయం కాబట్టి బయటకు తీసినా, పెట్టె కడిగినా మీరొక్కరే. దానికి మీ మీద కోపం వచ్చిందా, మళ్లీ మచ్చిక అవుతుందా అని అడిగారు.

కోపం రాలేదు. నిజానికి అంతకు ముందు ప్రేమా లేదు. కొండచిలువ మనిషికి అలవాటు పడుతుంది, మన వాసనకు, మన చేతి స్పర్శకు కంగారు పడకుండా ఉండటం నేర్చుకుంటుంది. అంతకు మించి మనం దాని మీద ఏం ఊహించుకున్నా అది మన సరదా కోసమే. మీ పాము నేర్చుకున్న కొత్త విషయం ఒక్కటే: తలుపు తెరుచుకుంటే తిండి వస్తుంది. వారం వారం కుందేలు దొరికే పాముకు అది నేర్చుకోవడం ఏం కష్టం కాదు. అలవాటును మార్చవచ్చు. కానీ దానికంటే ముందు రెండు పనులున్నాయి. ఒంటరిగా దాని పెట్టె తీయడం ఈ రోజు నుంచే మానేయండి. ఆ ఊపిరి చప్పుడు సంగతి ఈ వారంలోనే చూపించండి.

ఒంటరిగా ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట అందరూ వింటారు, ఎవరూ పాటించరు. కొండచిలువ ఎరను ఊపిరాడకుండా చేసి చంపుతుందని చాలాకాలం అనుకున్నాం. కొండచిలువలాగే ఎరను చుట్టి చంపే బోవా కన్‌స్ట్రిక్టర్ పాములతో జరిగి 2015లో వెలువడిన పరిశోధన వేరే సంగతి తేల్చింది. చుట్ట బిగిసిన కొన్ని సెకన్లకే ఎలుక రక్తపోటు సగానికి పడిపోయింది, రక్తప్రసరణ ఆగిపోయింది. ఊపిరి ఆడకపోవడం కాదు, రక్తం తిరగకపోవడం ముందుగా దెబ్బ తీస్తోంది. మనిషి విషయంలోనూ మెడ మీదో ఛాతీ మీదో చుట్ట పడితే ఆలోచించుకోవడానికి టైం ఉండదు. స్పృహ తప్పాక ఎంత బలవంతుడైనా ఒకటే. 2017లో ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో ఒక యువకుడు తన గదిలో పెంపుడు ఆఫ్రికన్ రాక్ పైథాన్ వల్ల చనిపోయాడు. అనుభవం లేనివాడు కాదు. ఆ పాము పొడవు సుమారు ఎనిమిది అడుగులు. మీ దానికంటే చిన్నది.

పెద్ద పాములు పెంచేవాళ్లలో ఎప్పటి నుంచో ఉన్న లెక్క ఏమిటంటే, ప్రతి ఐదు అడుగుల పాముకు ఒక పెద్ద మనిషి. పది అడుగులకు ఇద్దరు, పదిహేను అడుగులకు ముగ్గురు. ఇది పామును ఎత్తేటప్పుడు మాత్రమే కాదు. తిండి పెట్టడానికి తలుపు తీసినా, నీళ్ల తొట్టి మార్చినా ఇదే లెక్క. రెండో మనిషి అంటే పక్క గదిలో టీవీ చూసే మనిషి కాదు, చేయి చాస్తే అందే దూరంలో ఖాళీ చేతులతో నిలబడ్డ మనిషి. ఇంట్లో ఎవరూ రాకపోతే పాములంటే భయం లేని స్నేహితుడిని వారంలో ఒక రోజు రమ్మనండి, ముఖ్యమైన పనులన్నీ ఆ రోజుకే పెట్టుకోండి. ఇంకో దారి, పెట్టె మధ్యలో జారే తలుపు పెట్టించి రెండు గదులుగా చేయడం. పాము ఒక వైపు ఉన్నప్పుడు మధ్య తలుపు మూసి, తాళం వేసి, రెండో వైపు కడుక్కోవచ్చు. జూలలో ప్రమాదకరమైన జంతువుల దగ్గర చేసేది ఇదే. ఇంట్లో చేయడానికి నామోషీ అక్కర్లేదు.

పామును మెడలో వేసుకుని ఫోటో దిగడం గురించి అడగలేదు గానీ చెప్పేస్తున్నా: వద్దు. పదడుగుల పాము మెడ చుట్టూ జారి పడకుండా పట్టు కోసం బిగించినా చాలు, చంపాలన్న ఉద్దేశం దానికి ఉండక్కర్లేదు.

ఇక ఆ మీదకు రావడం. పాము రెండు కారణాలకు విసురుతుంది, ఒకటి భయం, రెండోది తిండి. ఈ రెండింటినీ చూసి గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. భయపడ్డ పాము తల వెనక్కి లాక్కుంటుంది, ఒళ్లంతా గాలితో ఉబ్బిస్తుంది, గట్టిగా బుస కొడుతుంది, వీలైతే మూలకు పోతుంది. కాటేసినా వెంటనే వదిలేస్తుంది. దాని ఉద్దేశం మిమ్మల్ని అక్కడి నుంచి పంపించడమే. తిండి కోసం చూసే పాము బుస కొట్టదు. తల తలుపు వైపు వస్తుంది. నాలుక త్వరత్వరగా ఆడుతుంది, తర్వాత ఒక్కసారిగా ఆడటం ఆగుతుంది. మెడ ఎస్ ఆకారంలోకి మడతపడుతుంది, మీ చేయి ఎటు కదిలితే తల అటు కదులుతుంది. మిగతా ఒళ్లంతా కదలదు. కరిచిందంటే వదలదు, వెంటనే చుట్టేస్తుంది. బుస కొట్టే పాము కంటే ఇలా చప్పుడు లేకుండా చూసే పాము దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. మీరు రాసిన వర్ణన ఈ రెండో రకానిదే.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. కొండచిలువ పెదవుల మీద చిన్న గుంటలు ఉంటాయి, వాటితో వేడిని పసిగడుతుంది. దాని కంటికి మీరు మీరే కావచ్చు, కానీ చల్లటి గదిలో పెట్టె ముందుకు వంగిన మీ ముఖం ఆ గుంటలకు ఒక వెచ్చటి ముద్ద. దానికి తోడు చేతికి కుందేలు వాసనో కుక్క వాసనో ఉంటే చెప్పేదేముంది. అందుకే పెట్టె తీసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎరను తాకిన బట్టలు మార్చుకోవాలి. ముఖం ఎప్పుడూ తలుపుకు ఎదురుగా ఉంచకూడదు, పక్కన నిలబడి తీయాలి.

అలవాటు మార్చడానికి వాడేది హుక్. పొడవాటి కర్ర చివర మొద్దుగా వంపు తిరిగిన ఇనుప ఊచ ఉండేది ఏదైనా పనికొస్తుంది. తిండి లేని రోజు తలుపు తీసిన ప్రతిసారీ ముందు ఆ హుక్‌తో పాము ఒంటి మధ్య భాగం మీద నెమ్మదిగా నిమరండి, తర్వాత మెడ వరకు. తల మీ వైపు వస్తే హుక్‌తోనే మెల్లగా పక్కకు నెట్టండి. కొట్టకండి, పొడవకండి. కొన్ని క్షణాలకు మెడలో ఉన్న బిగువు సడలుతుంది, నాలుక మళ్లీ మామూలుగా, నిదానంగా ఆడుతుంది. అప్పుడే చేయి పెట్టండి. సడలకపోతే ఆ రోజుకు తలుపు మూసేయండి, పట్టుదలకు పోవద్దు. తిండి పెట్టే రోజు హుక్ అసలు తాకించకండి. హుక్ తగిలిందంటే తిండి లేదు, తగల్లేదంటే ఉంది. ఈ తేడా దానికి అర్థం కావడానికి వారాలు పడుతుంది, ఒక్కో పాముకు నెలలు. మధ్యలో మీరు ఒక్కసారి తేడాగా చేసినా గందరగోళ పడుతుంది కాబట్టి రెండో మనిషికి కూడా పద్ధతి ముందే చెప్పి పెట్టండి. దీంతోపాటు తిండి లేకుండా తలుపు తీసే సందర్భాలు పెంచండి. నీళ్లు మార్చడం, మలం తీసేయడం, ఊరికే తీసి మూయడం. ఇదంతా పగటిపూట పెట్టుకోండి. కొండచిలువలకు చీకటి పడ్డాకే వేట మీదకు మనసు పోతుంది.

తిండి కోసం పామును వేరే పెట్టెలోకి మార్చమని కొందరు సలహా ఇస్తారు, అలా చేస్తే తన పెట్టెను తిండితో ముడిపెట్టదని. చిన్న పాములతో అది నడుస్తుందేమో గానీ ఈ సైజులో నేను ఒప్పుకోను. ఎర వాసన తగిలి ఉన్న, కడుపు నిండిన పదడుగుల పామును మళ్లీ చేతులతో ఎత్తి వెనక్కి పెట్టడం కంటే ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. పైగా తిన్న వెంటనే కదిలిస్తే కక్కేస్తుంది.

ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. పై నుంచి తల మీదకు చేయి తీసుకెళ్లకూడదు, గద్దలు వచ్చేది అలాగే. పక్క నుంచి, తలకు దూరంగా మొదలుపెట్టాలి. ఒకరు ముందు మూడో వంతు దగ్గర ఒక చేయి, కాస్త వెనక్కి ఇంకో చేయి వేస్తారు. రెండోవాళ్లు వెనక భాగం బరువంతా తీసుకుంటారు. తలను పట్టుకోకూడదు, పిసకకూడదు. ఒళ్లు చేతుల మీదుగా దానంతట అది జారుతుంటే చేతులు మారుస్తూ ఆనిస్తూ పోవాలి. ముందు భాగం పట్టుకున్నవాళ్లు తల తమ ముఖానికి, మెడకు దూరంగా ఉండేలా చూసుకోవాలి. రెండోవాళ్లు తోక మీద కన్ను వేయాలి. తోక మంచం కోడుకో, తలుపు పిడికో చుట్టుకుందంటే ఆ ఆధారంతో పాము బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. చేయి చుట్టూ చుట్ట పడుతోందనిపిస్తే బిగిసేదాకా ఆగకండి, తోక వైపు నుంచి అప్పుడే విప్పించుకోండి. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. తిన్న తర్వాత వారం రోజులు ముట్టుకోకూడదు. కళ్లు నీలంగా మసకబారి కుబుసం విడవడానికి సిద్ధమైనప్పుడు కూడా వదిలేయండి, అప్పుడు దానికి సరిగ్గా కనపడదు, చిరాకుగా ఉంటుంది.

ఇంత చేసినా ఒకసారి కరిచి చుట్టేసిందనుకోండి. మొదటి కోరిక చేయి లాక్కోవడం. అదే చేయకూడదు. కొండచిలువకు విషం లేదు గానీ, నోట్లో వెనక్కి వంగిన పళ్లు వంద దాకా ఉంటాయి, లాగేకొద్దీ కండ చీరుకుపోతుంది. పళ్లు విరిగి లోపల ఉండిపోతాయి. రెండో మనిషి తోక కొస పట్టుకుని అక్కడి నుంచి ఒక్కో చుట్టా విప్పుతూ రావాలి. మధ్యలో పట్టుకుని లాగితే లాభం లేదు, బలమంతా అక్కడే ఉంటుంది. తోక కొస దగ్గర అంత ఉండదు. నోరు వదలడానికి సర్జికల్ స్పిరిట్ కొద్దిగా దాని నోటి మూలలో పోస్తే చాలాసార్లు పని చేస్తుంది. ఆ సీసా పెట్టె పక్కనే, మూత తేలిగ్గా తీసేలా ఉండాలి, అప్పుడు వెతుక్కోవడం కాదు. చుట్ట మెడ మీదో ఛాతీ మీదో ఉంటే పాముకు దెబ్బ తగులుతుందా అన్న ఆలోచన పెట్టుకోవద్దు, అంబులెన్స్‌కు ఫోన్ చేసి ఏది చేతికి వస్తే దాంతో మనిషిని విడిపించాలి. కాటు చిన్నదైనా సబ్బు నీళ్లతో బాగా కడిగి, డాక్టర్‌కు చూపించి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. గాయంలో పన్ను ముక్క ఉండిపోయిందేమో చూడమని చెప్పండి.

ఇప్పుడు ఆ చప్పుడు. ఆరోగ్యంగా ఉన్న పాము ఊపిరి వినపడదు. కుబుసం టైంలో ముక్కు రంధ్రాల్లో ఎండిన చర్మం అడ్డుపడి సన్నటి ఈల లాంటి శబ్దం రావచ్చు, కుబుసం పోగానే అదీ పోతుంది. దానికి టెన్షన్ అక్కర్లేదు. కానీ చప్పుడు తడిగా ఉంటే, టిక్ టిక్ మంటున్నా, గురగుర మంటున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా, పాము తల పైకెత్తి అలాగే ఉంచుతున్నా, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీస్తున్నా అది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షనే అనుకుని నడుచుకోండి. పాములకు మనలా డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండ పొర) లేదు, గట్టిగా దగ్గి కఫాన్ని బయటకు తోయలేవు. అది లోపలే పేరుకుంటుంది. అందుకే మనకైతే నాలుగు రోజుల్లో తగ్గే జలుబు లాంటిది దానికి ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయడం, ఆవిరి పట్టడం లాంటివి వద్దు. సరీసృపాలు చూసే వెట్ (పశువైద్యుడు) దగ్గర కఫం శాంపిల్ తీయించి, కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో ఆ క్రిములను పెంచి చేసే పరీక్షలో, ఏది పని చేస్తుందో తేల్చుకుని మందు వాడాలి. నిడోవైరస్ పరీక్ష కూడా అడగండి. కొండచిలువల్లో ఈ ఊపిరి జబ్బులకు కారణమయ్యే ఆ వైరస్‌ను 2014లో గుర్తించారు. దానికి మందు లేదు, పక్క పాములకు తేలిగ్గా అంటుతుంది. ఇంట్లో ఇంకో పాము ఉంటే ముందు ఆరోగ్యంగా ఉన్నదాని పని చూసుకుని, తర్వాతే దీని దగ్గరకు వెళ్లండి.

ఇలాంటి ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగేది, పెట్టెలో వేడి ఎంత అని. సాధారణంగా వచ్చే జవాబు, చేత్తో చూస్తే వెచ్చగానే ఉందండీ అని. అది లెక్కలోకి రాదు. మామూలుగా పాము ఒంట్లో సొంత వేడి తయారు కాదు, తినడం, అరగడం, రోగంతో పోరాడటం అన్నీ బయటి వేడి మీదే ఆధారపడతాయి. బర్మీస్ పైథాన్‌కు ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో వైపు 25 నుంచి 27 ఉండాలి. రాత్రి కూడా 24 కంటే దిగకూడదు. రెండు వైపులా థర్మామీటర్ ప్రోబ్ పాము పడుకునే ఎత్తులో పెట్టాలి, పైకప్పుకు కాదు. వెచ్చటి చోటు ఎంత పెద్దదన్నది కూడా చూడండి. పిల్లగా ఉన్నప్పుడు కొన్న చిన్న హీట్ ప్యాడ్ ఇప్పటికీ వాడుతుంటే పదడుగుల పాముకు పొట్టలో జానెడు భాగం వెచ్చగా, మిగతాదంతా చల్లగా ఉంటుంది. పాము మొత్తం చుట్ట చుట్టుకుని పడుకునేంత మేర ఆ వేడి అందాలి. పైకప్పుకు బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్ ఈ సైజుకు నాకు తెలిసి అన్నిటికంటే సురక్షితం.

వేడినిచ్చే ఏ పరికరమైనా థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే మీట) లేకుండా పెట్టకండి. పాముకు ఒళ్లు కాలుతున్నా లేచి పోవాలన్న తెలివి అంతగా ఉండదు, చర్మం ఊడేదాకా అక్కడే పడుకున్నవి ఉన్నాయి. బల్బు పెడితే చుట్టూ జాలీ ఉండాలి, లేకపోతే దాన్ని చుట్టుకుంటుంది. కృత్రిమంగా వేడెక్కే రాళ్లు అమ్ముతారు, అవి వద్దే వద్దు. గాలిలో తేమ 50 నుంచి 60 శాతం, కుబుసం రోజుల్లో 70 దాకా ఉండవచ్చు. తేమ అంటే గాలిలో, నేల మీద కాదు. కింద పరిచింది ఎప్పుడూ తడిగా ఉంటే పొట్ట పొలుసులు గోధుమ రంగుకు తిరిగి కుళ్లుతాయి.

తిండి విషయంలో మీరు దానికి అన్యాయమే చేస్తున్నారు, ప్రేమతోనే అయినా. పది అడుగులు దాటిన పాముకు వారానికో కుందేలు చాలా ఎక్కువ. పిల్ల పాములకు వారానికోసారి సరిపోతుంది. ఎదిగే వయసులో పది నుంచి పద్నాలుగు రోజులు, మీ దాని వయసుకు రెండు మూడు వారాలు, పూర్తిగా పెరిగాక నెలకోసారి పెట్టినా హాయిగా బతుకుతుంది. ఎర మందం పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటికి సమానంగా ఉంటే చాలు. ఒక్కసారిగా నెలకు మార్చకండి, పది రోజులు, తర్వాత రెండు వారాలు, అలా జరుపుతూ పోండి.

ఒక్క భోజనం ఆ ఒంట్లో ఎంత పని పెడుతుందో తెలిస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. బర్మీస్ పైథాన్ తిన్న 48 గంటల్లో గుండె కండ దాదాపు 40 శాతం పెరుగుతుందని 2005లో ప్రచురించిన పరిశోధన చూపించింది. పేగులు, కాలేయం కూడా ఉబ్బుతాయి. అరుగుదల పూర్తయ్యాక మళ్లీ తగ్గుతాయి. అడవిలో నెలకో రెండు నెలలకో ఒకసారి జరగాల్సిన ఈ తతంగం వారం వారం జరిగితే అవయవాలకు విశ్రాంతి ఉండదు, కాలేయం చుట్టూ కొవ్వు పడుతుంది. పెంపుడు కొండచిలువలు ఆకలితో చావడం నేను అరుదుగా చూశాను, కొవ్వుతో చావడం మాత్రం మామూలే. మీ పామును పై నుంచి చూడండి. వెన్ను రెండు పక్కలా ఎత్తుగా ఉండి మధ్యలో గాడి కనిపిస్తోందా? ఒళ్లు వంచినప్పుడు కండ మడతలు పడుతోందా, మామూలుగా పడుకున్నప్పుడు కూడా పొలుసుల మధ్య చర్మం కనిపిస్తోందా? తోక మొదట్లో ఒక్కసారిగా సన్నబడిపోతోందా? ఇవన్నీ లావెక్కిన గుర్తులే. సరిగ్గా ఉన్న పాము ఒంటి మీద చేయి వేసి నొక్కితే వెన్నెముక తగలాలి, కానీ పొడుచుకుని కనపడకూడదు. నెలకోసారి మూత ఉన్న డబ్బాలో పెట్టి బరువు తూచి రాసుకోండి, కంటి అంచనా మోసం చేస్తుంది.

ఫ్రీజర్‌లో నిల్వ ఉంచిన ఎరనే పెట్టండి. బతికున్న ఎలుక పామును కొరికి కళ్లు పోగొట్టిన సందర్భాలున్నాయి, కుందేలు కాలి గోళ్లూ తక్కువవి కావు. పెద్ద కుందేలు ఫ్రిజ్ కింది అరలో ఒక రోజంతా కరగాలి. తర్వాత కవర్లో కట్టి వేడి నీళ్లలో ఉంచి, పొట్ట మధ్య నొక్కి చూసి గడ్డ లేదని తేల్చుకుని, ఒంటి వేడికి వచ్చాక పెట్టాలి. మైక్రోవేవ్ వద్దు, పొట్ట పగిలిపోతుంది. చేత్తో ఎప్పుడూ అందించకండి, రెండు మూడు అడుగుల పట్టకారు వాడండి. పట్టుకోగానే తలుపు మూసి తాళం వేసి గదిలోంచి వెళ్లిపోండి. తిన్నది కక్కేస్తే కంగారు పడి మళ్లీ పెట్టొద్దు. రెండు వారాలు ఆగి, వేడి సరి చూసుకుని, సగం సైజుది పెట్టండి. రెండోసారీ కక్కితే వెట్ దగ్గరకే. చలికాలంలో పెద్ద ఆడవి నెలల తరబడి తినకపోవచ్చు, బరువు నిలకడగా ఉంటే పర్వాలేదు.

తిండి తగ్గిస్తే ఆకలితో ఇంకా మీద పడదా అంటారు. మొదటి కొన్ని వారాలు చురుగ్గా వెతకవచ్చు, నిజమే. అందుకే ముందు ఇద్దరు మనుషులు, తర్వాత తాళం, ఆ తర్వాతే తిండి మార్పు. తాళం మాట వచ్చింది కాబట్టి, 2009లో ఫ్లోరిడాలో ఒక పెంపుడు బర్మీస్ పైథాన్ రాత్రి పెట్టెలోంచి బయటకు వచ్చి ఇంట్లో నిద్రపోతున్న రెండేళ్ల పాపను చంపింది. ఆ పెట్టెకు సరైన మూత లేదు, దుప్పటి కప్పి కట్టారు. పాము ఎనిమిదడుగుల పైచిలుకు. పెట్టెకు తాళం ఒకటి, గది తలుపుకు ఇంకోటి, తలుపు కింద సందు లేకుండా. గాలి రంధ్రాలకు గట్టి జాలీ, మరలతో బిగించింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నా సలహా ఇంకా కఠినంగా ఉంటుంది: ఆ పాము ఆ ఇంట్లో ఉండకూడదు.

పెట్టె సైజు గురించి క్లుప్తంగా. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు తక్కువలో తక్కువ. పాము ఒళ్లు పూర్తిగా చాపుకోగలిగితే ఇంకా మంచిది. మునిగి కూర్చునేంత తొట్టి పెట్టండి. అయితే రోజంతా నీళ్లలోనే ఉంటే అనుమానించాలి. వేడి ఎక్కువై ఉండాలి, లేదా మైట్లు పట్టి ఉండాలి. కంటి అంచుల్లో, గడ్డం కింద మడతలో కదిలే నల్ల చుక్కలు, నీళ్లలో తేలే ఆవగింజంత పురుగులు కనిపిస్తే అవే. రక్తం తాగుతాయి, రోగాలు మోస్తాయి. పాముతో పాటు పెట్టె మొత్తం వెట్ చెప్పిన మందుతో శుభ్రం చేస్తేనే పోతాయి. కుబుసం ముక్కలుగా వస్తే గోరువెచ్చటి నీళ్లలో అరగంట ఉంచండి. కంటి మీది పొర మిగిలిపోతే గిల్లకండి, కన్నే వచ్చేస్తుంది. తర్వాతి కుబుసంతో పోకపోతే వెట్ తీస్తారు. కొత్త పామును కనీసం మూడు నెలలు వేరే గదిలో ఉంచండి, బోవాలను కొండచిలువలతో కలిపి ఎప్పుడూ పెంచకండి. బోవాలు పైకి ఏమీ కనిపించకుండా మోసే ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ కొండచిలువకు సోకితే తల తిప్పడం, బోర్లా పడితే సరిచేసుకోలేకపోవడం మొదలై త్వరగా చచ్చిపోతుంది.

సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పాము మలంలోనూ ఉండవచ్చు. దాని తొట్టి వంటింటి సింక్‌లో కడగకూడదు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పామునూ, దాని సామానునూ తాకకూడదు.

మీ పాము ఇంకా పెరుగుతుంది. ఆడ బర్మీస్‌లు 12 నుంచి 16 అడుగులు మామూలుగా చేరతాయి, ఇరవై ఏళ్లకు పైగా బతుకుతాయి. రెండో మనిషి దొరకడం, పెద్ద పెట్టె పెట్టడం మీ వల్ల కాదనిపిస్తే ఇప్పుడే మంచి చోటు వెతకండి. పదహారడుగులు అయ్యాక ఎవరూ తీసుకోరు. చట్టం ఏం చెబుతోందో అటవీ శాఖ దగ్గర కనుక్కోండి, చాలా దేశాల్లో వీటికి లైసెన్స్ కావాలి, కొన్నిచోట్ల అసలు పెంచకూడదు. ఏం చేసినా బయట వదిలేయడం మాత్రం వద్దు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో పెంపుడు బర్మీస్ పైథాన్ల సంతతి పెరిగిన చోట రకూన్‌లు అనే చిన్న జంతువులు కనిపించడం 99 శాతం తగ్గిందని 2012లో తేల్చారు.

వెట్ దగ్గరకు తీసుకెళ్లడానికి ముందు రోజే ఫోన్ చేసి పాము పొడవు, ఊపిరి సంగతి, ఎంతమంది వస్తున్నారో చెప్పండి. చూపించేవరకు తిండి పెట్టొద్దు. కుట్లు గట్టిగా ఉన్న బొంతకవర్‌లోకి ఇద్దరూ కలిసి దించి, మూతి మెలితిప్పి ముడి వేసి, ఆ మూటను గాలి రంధ్రాలున్న, మూత తాళం పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. కారులో ఏసీ వేయకండి. చప్పుడు వినిపించే వీడియో, రెండు వైపులా థర్మామీటర్ చూపించే ఫోటో, చివరిసారి తిన్న తేదీ, కుబుసం విడిచిన తేదీ వెంట ఉంచుకోండి. వాళ్లు మొదట అడిగేవి అవే.